ఉప్పు దిగిన దారి: విజయనగరం నుంచి గర్తాంగ్ గలీకి

మొదటి రోజు: సమతా ఎక్స్‌ప్రెస్‌లో

పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముగిసి, కోట ముందు వీధుల్లో దుకాణాల పందిళ్లు విప్పుతున్న వారంలో మేము విజయనగరం స్టేషన్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. నాతో పాటు మావయ్య, అత్తయ్య, మా చెల్లెలి కొడుకు ఉన్నారు. ఉత్తరాఖండ్‌లో, గంగోత్రికి కొద్ది దూరం ముందు, జాడ్ గంగ అనే నది కోసుకుపోయిన లోతైన ఇరుకు లోయలో నిట్టనిలువు కొండరాతికి బిగించిన చెక్క నడవ ఒకటి ఉంది. దాని పేరు గర్తాంగ్ గలీ. 1962 భారత్-చైనా యుద్ధం తర్వాత మూతపడి, 2021 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న ఆ దారిని చూడాలన్నది మొదట మా కుర్రవాడి కోరిక. వాడు ఫోటోలు చూసి ముచ్చటపడ్డాడు. మావయ్య ఫోటోలకు కదలలేదు. టిబెట్ నుంచి ఉప్పు ఆ దారినే దిగేదని విన్న తర్వాత మాత్రం టికెట్లు తీయమని తానే తొందర పెట్టాడు.

మావయ్యది శ్రీకాకుళం జిల్లా నౌపడ. తాతల కాలం నుంచి వాళ్లింట్లో అందరూ ఉప్పు మడుల్లో పని చేసినవాళ్లే. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నప్పటి నుంచి, 1930లో నౌపడలో జరిగిన ఉప్పు సత్యాగ్రహం దాకా ఆ ఊరి కథ మొత్తం ఉప్పు చుట్టూనే తిరుగుతుంది. మన తీరంలో పండిన ఉప్పు బంజారాల ఎద్దుల మీద సాలూరు వైపు కనుమలు ఎక్కి, జయపురం మన్యానికీ ఆపైన బస్తరుకూ వెళ్లేది. తిరుగు ప్రయాణంలో ఆ ఎద్దులే ధాన్యం, అటవీ సరుకులు మోసుకొచ్చేవి. ఈ సంగతులు మావయ్యకు చదివితే తెలిసినవి కావు, పెద్దల నోట విన్నవి.

బొబ్బిలి, పార్వతీపురం దాటాక రైలు కొండల్లోకి మళ్లింది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా మొదట వేసిన ఈ లైను రాయపూర్ వరకు పూర్తయింది 1931లో. మధ్య భారతపు సరుకును విశాఖ రేవుకు దించడమే దాని పరమార్థం. రేవు తెరుచుకున్నది 1933లో. ఎద్దులు ఎక్కిన కనుమల పనిని ఆ తర్వాత రైలూ, ఆపైన సాలూరు లారీలూ అందుకున్నాయి. రాయగడ దగ్గర నాగావళి కనబడినప్పుడు మావయ్య కిటికీలోంచి చెయ్యి చూపించి, “ఈ కొండల్లోకే పాపా, మన ఉప్పు ఎక్కినాది. ఆ దేశంలో ఉప్పు కొండ దిగతాదట. అది సూడాలి” అన్నాడు. ఈ ప్రయాణాన్ని నేను ఏ కంటితో చూడాలో నాకు అక్కడే తేలిపోయింది.

రెండో రోజు: ఢిల్లీ

చెప్పుకోవలసినంత విశేషం లేదు. సాయంత్రానికి నిజాముద్దీన్‌లో దిగి, రాత్రి రైలులో దెహ్రాదూన్‌కు బయలుదేరాము. అత్తయ్య కట్టి తెచ్చిన పులిహోర ఢిల్లీ దాకా చెక్కుచెదరకుండా వచ్చింది.

మూడో రోజు: దెహ్రాదూన్ నుంచి ఉత్తరకాశీ

దెహ్రాదూన్ నుంచి ముస్సోరీ పక్కగా సువాఖోలి మీదుగా వెళ్లే రోడ్డు కొండ అంచులనే పట్టుకొని చాలాసేపు తిరుగుతుంది. చిన్యాలిసౌర్ దగ్గర కిందికి దిగాక ఎడతెగని నీలి నీటి వెడల్పు కనబడింది. 260.5 మీటర్ల ఎత్తున కట్టిన టెహ్రీ డ్యాం వెనుక నిలిచిన నీరు అంత దూరం వరకు పాకి వచ్చింది. పాత టెహ్రీ పట్టణం ఆ నీటి అడుగునే ఉంది.

అక్కడి నుంచి ఉత్తరకాశీకి వెళ్లే దారిలో డుండా అనే ఊరు తగులుతుంది. పర్యాటకులు ఆగే ఊరు కాదది. మేము మాత్రం టీ తాగే మిషతో ఆగాము. ఎగువన టిబెట్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న నేలాంగ్, జాడుంగ్ గ్రామాల ప్రజలను 1962లో ఖాళీ చేయించినప్పుడు, వారిలో చాలామంది వేసవికి హర్సిల్ పక్కనున్న బగోరీని, చలికాలానికి ఈ డుండాను ఇళ్లుగా చేసుకున్నారు. వారిని జాడ్ జాతివారంటారు. గర్తాంగ్ గలీ మీదుగా వ్యాపారం నడిపినవారు ముఖ్యంగా వీరే. రోడ్డు పక్క ఇళ్ల అరుగుల మీద ఊలు స్వెట్టర్లు, రగ్గులు అమ్మకానికి పరచి ఉన్నాయి.

ఉత్తరకాశీ పాత పేరు బరాహాట్. టిబెట్ వర్తకులు ఉప్పు, ఊలు, తోళ్లు తెచ్చి అమ్మినదీ, బెల్లం, ధాన్యం, మసాలా దినుసులు కొనుక్కుపోయినదీ ఈ సంతలోనే. సాయంత్రం విశ్వనాథుడి గుడికి వెళ్లాము. ఎదురుగా ఉన్న శక్తి ఆలయంలో నిలువెత్తు మనుషుల్ని మించిన పెద్ద త్రిశూలం ఉంది. విజయనగరం రాజుల పేరు అసలు కాశీలో ఇప్పటికీ వినబడుతుంది కనుక, అత్తయ్య ఇక్కడి పూజారిని కూడా ఆ సంగతి అడిగి చూసింది. ఆయన నవ్వి, ఇంత పైకి మీ రాజులు రాలేదమ్మా అన్నాడు.

నాలుగో రోజు: హర్సిల్ దాకా

ఉత్తరకాశీ దాటగానే మనేరీ దగ్గర భాగీరథి నీటిని ఆపి, సొరంగంలోకి మళ్లించి, ఉత్తరకాశీ పక్కనున్న తిలోథ్ విద్యుత్ కేంద్రానికి పంపుతారు. అందుకే ఆ నడుమ నది కొంత దూరం సన్నగా కనబడుతుంది. గంగనానీలో వేడినీటి ఊటలు ఉన్నాయి. మావయ్య అక్కడ స్నానం చేసి తీరాలన్నాడు, చేశాడు. సుఖీ మలుపులు ఎక్కాక చెట్ల వరుస మారిపోయింది. దేవదారు చెట్లు మొదలయ్యాయి, గాలి పలచబడింది, యాపిల్ తోటలు రోడ్డుకు రెండు వైపులా వచ్చాయి.

హర్సిల్ యాపిల్ తోటలకు మూలపురుషుడిగా ఫ్రెడరిక్ విల్సన్ అనే ఆంగ్లేయుణ్ణి చెబుతారు. సైన్యం నుంచి పారిపోయి వచ్చి, టెహ్రీ రాజు దగ్గర అడవి గుత్తకు తీసుకొని, దేవదారు దుంగల్ని భాగీరథిలో తేల్చి మైదానాలకు చేర్చి కోటీశ్వరుడయ్యాడు. రైలు మార్గాలకు పట్టాల కింద వేసే చెక్కలు అప్పట్లో ఎంత అవసరమో తలచుకుంటే ఆ ధనం ఎక్కడిదో తెలుస్తుంది. జాడ్ గంగ లోయ మీద తాళ్ల వంతెన కట్టించి, ఎక్కడానికి జనం జంకితే తానే గుర్రం మీద దౌడు తీసి చూపించాడన్న కథను ఇక్కడివారు ఇష్టంగా చెబుతారు. అతడు నరికించిన అడవి సంగతి ఆ కథలో రాదు.

హర్సిల్ సముద్రమట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తులో ఉంది. మరునాటి నడక 11,000 అడుగుల ఎత్తున ఉంటుంది కనుక ఒక రాత్రి ఇక్కడ పడుకోవడం ఒంటికి మంచిదని చెప్పారు. సాయంత్రం పక్కనున్న ధరాలీ బజారుకు నడిచి వెళ్లి, రాజ్మా గింజలు కొన్నాము. హర్సిల్ రాజ్మాకు ఆ ప్రాంతమంతా పేరుంది. ఆ బజారు ఇప్పుడు లేదు. 2025 ఆగస్టు 5న ఖీర్ గంగ వాగులో హఠాత్తుగా వచ్చిన వరద బురదా బండరాళ్లతో ధరాలీ మీద పడి, హోటళ్లనూ ఇళ్లనూ మింగేసింది. ఆ వార్త వచ్చిన రోజు మావయ్య నౌపడ నుంచి ఫోన్ చేసి, మనకు రాజ్మా తూచిన ముసలాయన ఏమయ్యాడో అని అడిగాడు. చెప్పగలిగినవారు మాకెవరూ దొరకలేదు.

ఐదో రోజు: గర్తాంగ్ గలీ

బగోరీకి చెందిన ఒక యువకుణ్ణి ముందు రోజే మార్గదర్శకుడిగా మాట్లాడుకున్నాము. అతని నాయనమ్మ నేలాంగ్‌లో పుట్టింది. తెల్లవారగానే జీపులో లంకా అనే చోటికి చేరాము. ఇక్కడ జాడ్ గంగ మీద ఉక్కు వంతెన ఉంది, దాటితే భైరవ్ ఘాటీ వస్తుంది. వంతెన కట్టక ముందు గంగోత్రి యాత్రికుల బస్సులు లంకా దగ్గరే ఆగిపోయేవి. జనం లోయలోకి దిగి, నది దాటి, అవతలి గట్టు ఎక్కి మళ్లీ బండి పట్టుకునేవారు. వంతెన నడిమధ్య నిలబడి కిందికి చూస్తే ఆ దిగుడూ ఎక్కుడూ ఎంతటి శిక్షో అర్థమవుతుంది. నది కనబడడం కన్నా ముందు దాని హోరు పైకి వస్తుంది.

ఈ ప్రాంతమంతా 1989లో ఏర్పడిన గంగోత్రి జాతీయ ఉద్యానంలో భాగం కనుక అటవీశాఖ చౌకీలో పేర్లు రాయించుకొని, ఆధార్ చూపించి, టికెట్ తీసుకోవాలి. మేము వెళ్లినప్పుడు మనిషికి 150 రూపాయలు. చెక్క నడవ మీద ఒకేసారి 10 మందికి మించి ఉండకూడదు, మనిషికీ మనిషికీ ఎడం పాటించాలి, గెంతకూడదు, నిప్పు రాజేయకూడదు, గుంపుగా కూర్చోకూడదు. మా మార్గదర్శకుడు వీటికి తనదొకటి చేర్చాడు: నడుస్తూ ఫోటో తీయకూడదు, తీయాలంటే ఆగి, ఒక చేత్తో కమ్మీ పట్టుకొని తీయాలి. ఈ ఒక్క నియమాన్నే అతడు దారి పొడుగునా గట్టిగా అమలు చేశాడు.

నడవ వచ్చే వరకు సుమారు 2 కిలోమీటర్ల అడవి బాట ఉంది. మొదట కాస్త ఎక్కుడు, తర్వాత లోయ పక్కనే ఎత్తుపల్లాలుగా సాగే సన్నని దారి. దేవదారు, భోజపత్ర చెట్ల మధ్య నీడ చల్లగా ఉంటుంది. చెట్లు విడిపోయిన చోట ఎండ చురుక్కుమంటుంది. అత్తయ్య చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకొని, బూట్లు బిగించుకొని మా అందరికన్నా ముందు నడిచింది. మావయ్య రామతీర్థం బోధికొండ మెట్లు ఎక్కినట్టు ఒకే ఊపున వెళ్లబోతే మార్గదర్శకుడు ఆపి, ఇక్కడ ఊపిరిని బట్టి కాళ్లు నడవాలి గానీ కాళ్లను బట్టి ఊపిరి కాదు అంకుల్‌జీ అన్నాడు. తర్వాత నుంచి మలుపు మలుపుకూ ఆగి నీళ్లు తాగించాడు. తలనొప్పో వాంతో వస్తే దాచకుండా చెప్పమన్నాడు. ఎవరికీ రాలేదు.

ఒక మలుపు తిరగ్గానే అడవి ఆగిపోయింది. ఎదుట కొండ నిలువుగా నది దాకా తెగిపడి ఉంది, ఆ రాతి నడుముకు చెక్క నడవ అతుక్కొని కనబడింది. మేడ గోడకు బయటికి వేసిన సజ్జ మీద మనుషులు నడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పైన రాయి ముందుకు వంగి కప్పులా నిలిచింది, కింద ఏమీ లేదు. రాతిలో బెజ్జాలు తొలిచి, ఇనుప కడ్డీలు దిగగొట్టి, వాటి మీద దేవదారు పలకలు పరచి చేసిన మెట్లు, చదును పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి రాతి వంపును అనుసరించి ఎక్కుతూ పోయాయి. పొడవు 136 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. సుమారు 150 ఏళ్ల కిందట పెషావర్ నుంచి వచ్చిన పఠాన్ పనివారు దీన్ని కట్టారని చెబుతారు. 2021లో 64 లక్షల రూపాయలతో పలకలనూ కమ్మీలనూ మార్చారు. దారి గీత మాత్రం పాతదే.

నేను చాలాసేపు చూసింది లోయను కాదు, ఆ బెజ్జాలను. కొన్ని చోట్ల పాత కడ్డీల మొనలు, వాడుకలో లేని పాత రంధ్రాలు రాతిలో మిగిలి ఉన్నాయి. మొదటి కడ్డీ దిగగొట్టిన మనిషి దేని మీద నిలబడి సుత్తి ఎత్తాడు? ఒక పలక వేసి, దాని మీద నిలబడి తర్వాతి బెజ్జం తొలిచి ఉండాలి, లేదా పై నుంచి తాడుకు వేలాడి ఉండాలి. రెండూ ఊహలే. మా కుర్రవాడికి ఈ ప్రశ్న నచ్చి, ఫోన్ జేబులో పెట్టి, రెండో పద్ధతి ఎందుకు అసాధ్యమో వాదించడం మొదలుపెట్టాడు. పై రాయి బయటికి వంగి ఉంది కనుక, తాడుకు వేలాడిన మనిషికి లోపలి గోడ అందదు, పెద్దమ్మా అన్నాడు. మార్గదర్శకుడు విని మెచ్చుకున్నాడు.

నడవ మీద అడుగు పెట్టాక భయం కలిగిందా అని తర్వాత చాలామంది అడిగారు. మొదటి పది అడుగుల్లో కలిగింది. పలకల సందుల్లోంచి తెల్లని నురగ గీత కనబడుతుంది, గాలి ఒక్కసారిగా తోస్తుంది. కమ్మీలు నడుము ఎత్తున గట్టిగా ఉన్నాయి, పలకలు కదలవు. ఆ నమ్మకం పాదాలకు చేరాక భయం దానంతటదే సర్దుకుంటుంది. అసలు ఇలాంటి చోట్లను గుండె దిటవుకు పరీక్షగా చూపించే ధోరణి నాకు నచ్చదు. ఇది సాహసం కోసం కట్టినది కాదు, మోత కోసం కట్టినది. నడిచినవారికి వీపున బరువు ఉండేది, ముందు మంద ఉండేది, చీకటి పడేలోగా చేరవలసిన మజిలీ ఉండేది.

నడవ నడుమ కాస్త వెడల్పైన చోట మార్గదర్శకుడు మమ్మల్ని గోడ వైపు నిలబెట్టి తన నాయనమ్మ చెప్పిన సంగతులు చెప్పాడు. ఉప్పు మోసింది ముఖ్యంగా గొర్రెలూ మేకలూ. ఒక్కొక్క జంతువు వీపున రెండు వైపులా చిన్న ఊలు సంచులు కట్టేవారు. గుర్రానికీ జడల బర్రెకూ సందేహం కలిగే చోట గొర్రె జంకకుండా ముందుదాని వెనుక పోతుంది. పైగా దారి పొడుగునా మేస్తుంది కనుక మేత మోయనక్కరలేదు, సంత చేరాక దాని ఊలు కూడా సరుకే. టిబెట్‌లో సరస్సుల ఒడ్డున ఉప్పు ఊరికే గడ్డకట్టి ఉంటుంది. అక్కడ చాలినంత పండనిది ధాన్యం. ఇక్కడ ధాన్యం ఉంది, ఉప్పు లేదు. ఇంత కొండను తొలిపించినది ఆ లోటే.

మావయ్య ఇదంతా నా నోట తెలుగులో విని, కమ్మీ పట్టుకొని కాసేపు లెక్క వేసుకున్నాడు. “గొర్రెకి రెండు సంచులు. మన ఎద్దు ఒక్కటీ ఎన్ని గొర్రెల బరువు మోసేదో! అయినా పాపా, ఎద్దు ఈ దారి ఎక్కదు” అన్నాడు. అత్తయ్య పలకల సందులోంచి కిందికి తొంగి చూసి, “ఒలమ్మో, ఇటు గొర్రెలు నడిసినాయంటే నేను నడవడం ఏటి గొప్ప” అని ముందుకు సాగిపోయింది. నౌపడలో ఎండబెట్టిన సముద్రపు ఉప్పుకూ, ఇక్కడ దిగిన సరస్సుల ఉప్పుకూ రుచిలో తేడా ఏమిటని మావయ్య మార్గదర్శకుణ్ణి అడిగించాడు. తాను పుట్టేనాటికి ఆ ఉప్పు రావడం ఆగిపోయిందనీ, నాయనమ్మ మాత్రం ఇప్పటికీ ప్యాకెట్ ఉప్పును తిట్టుకుంటుందనీ అతడు చెప్పాడు.

1962లో సరిహద్దు మూసుకుపోవడంతో ఈ వ్యాపారం తెగిపోయింది. కొన్నేళ్లు సైన్యం ఈ నడవను వాడుకుంది. ఎదుటి గట్టు మీద నేలాంగ్‌కు మోటారు రోడ్డు వచ్చాక దీనితో పని లేకపోయింది, పలకలు కుళ్లి రాలిపోయాయి. నడవ మీద నుంచి ఆ రోడ్డు కనబడుతూనే ఉంటుంది. దాని మీద వెళ్లడానికి వేరే అనుమతి కావాలి, రాత్రి బస ఉండదు. 1944లో దెహ్రాదూన్‌లోని బ్రిటిష్ నిర్బంధ శిబిరం నుంచి తప్పించుకున్న ఆస్ట్రియన్ పర్వతారోహకుడు హైన్రిక్ హారర్ టిబెట్‌లోకి దాటిపోయింది ఈ నేలాంగ్ లోయ మీదుగానే. మా మార్గదర్శకుడికి ఆ పేరు తెలుసు. తన ఊరివారి పేర్లు మాత్రం ఎవరూ రాసుకోలేదని కొంచెం నిష్ఠూరంగా అన్నాడు. అది న్యాయమైన మాటే.

ఒక చోట కమ్మీ మీద పేర్లు చెక్కిన గుర్తులను రుద్దేసిన మచ్చలు కనిపించాయి. నడవ తెరిచిన కొద్ది వారాలకే సందర్శకులు చెక్క మీద పేర్లు గీకారు, పోలీసు కేసు కూడా పెట్టారు. పేర్లు మిగలని దారి మీద పేరు గీకుకున్న మనిషిని ఏమనాలో నాకు మాట దొరకలేదు.

నడవ ఆఖరున దారి మళ్లీ నేల మీదికి దిగి కొండ మలుపులో కలుస్తుంది. అంతకు మించి వెళ్లనివ్వరు. అక్కడ కాసేపు కూర్చొని జీడిపప్పు, బెల్లం తిన్నాము, జీడిపప్పు పలాసది. ఎదుటి కొండ మీద బూడిదరంగు చుక్కల్లా కదులుతున్నవాటిని చూపించి, అవి భరల్ అనే నీలి గొర్రెలని మార్గదర్శకుడు చెప్పాడు. మంచు చిరుతకు ముఖ్యాహారం అవే. చిరుత కనబడుతుందా అని కుర్రవాడు అడిగితే, అది నిన్ను ఇప్పటికే చూసి ఉంటుంది అన్నాడు. మధ్యాహ్నం దాటితే లోయలో గాలి ఉధృతమవుతుందని తొందర చేశాడు. తిరుగుదారిలో నిజంగానే గాలి హోరెత్తింది, అత్తయ్య కొంగును తలకు చుట్టి కట్టుకుంది. దిగేటప్పుడు మెట్లు ఎదురుగా లోతును చూపిస్తాయి కనుక ఎక్కడం కన్నా అదే కష్టమనిపించింది. మావయ్య గోడ వైపు చెయ్యి ఆనించి, మెట్టు మెట్టుకూ పక్కవాటంగా దిగాడు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఆ పద్ధతి బాగా పనికొస్తుంది.

ఆరో రోజు: గంగోత్రి, బగోరీ

పొద్దున్నే గంగోత్రికి వెళ్లి గంగమ్మ దర్శనం చేసుకున్నాము. గోర్ఖా సేనాని అమర్ సింగ్ థాపా కట్టించిన తెల్లరాతి గుడి అది. దీపావళి మర్నాడు గుడి మూసి, ఉత్సవమూర్తిని హర్సిల్ దగ్గర ఉన్న ముఖ్బా గ్రామానికి దించుతారు. మళ్లీ అక్షయ తృతీయకు పైకి తెస్తారు. ఇక్కడి దేవతకూ డుండా, బగోరీల మనుషులకూ రాకపోకల లెక్క ఒకటే.

మధ్యాహ్నం మార్గదర్శకుడి ఇంటికి బగోరీ వెళ్లాము. కొయ్య ఇళ్ల మధ్య ఒకే వీధి, హిందూ దేవత గుడి, బౌద్ధ ఆలయం రెండూ ఉన్నాయి. చాలా ఇళ్ల ముందు మూటలు కట్టి ఉన్నాయి, డుండాకు దిగే రోజులు దగ్గరపడ్డాయి. అతని నాయనమ్మ రాట్నం మీద ఊలు వడుకుతూ, మేము ఎక్కడివాళ్లమని అడిగింది. సముద్రపు ఒడ్డున ఉప్పు పండించేవాళ్లమని మావయ్య తన హిందీలో చెప్పుకున్నాడు. సముద్రం నుంచి ఉప్పు ఎలా వస్తుందో ఆమెకు నమ్మకం కలగలేదు. మడులు కట్టడం, నీరు ఒకదాన్నుంచి ఒకదానికి మళ్లించి చిక్కబరచడం, పారతో గోరి కుప్ప వేయడం అంతా మావయ్య నేల మీద గీసి చూపించాడు. ఆమె శ్రద్ధగా చూసి, అన్ని పనులు చేస్తే ధర ఎక్కువే అయి ఉండాలని తేల్చింది. మావయ్య అక్కడే ఒక ఊలు రగ్గు బేరమాడి, ఆమె చెప్పిన ధరకే కొన్నాడు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. ఉద్యానం ద్వారాలు ఏప్రిల్ 1 నుంచి నవంబరు 30 వరకు తెరిచి ఉంటాయి. వానాకాలంలో ఈ రోడ్డు కొండచరియలతో తరచు తెగిపోతుంది కనుక మన వైపు నుంచి అంత దూరం వెళ్లేవారికి మే నెల గానీ, దసరాకూ దీపావళికీ మధ్య రోజులు గానీ మేలు. ధరాలీ వరద తర్వాత బస విషయం ఉత్తరకాశీలోనే కనుక్కొని పైకి వెళ్లాలి. మార్గదర్శకుణ్ణి బగోరీలోనో హర్సిల్‌లోనో మాట్లాడుకోండి, ఉప్పు సంగతి అడగడం మరిచిపోకండి.